తిరిగి రాని మూడోవంతు

“వాటిని అన్నం తినే బల్ల మీద పెట్టకురా!” అంది అత్తగారు.

కొడుకు వినిపించుకోలేదు. సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరుస్తూనే ఉన్నాడు. అరచేతి వెడల్పున, వెండిరంగు రేకులో మూసిన సోడియం బ్యాటరీ సెల్స్. నిన్న మధ్యాహ్నం నడిరోడ్డు మీద, సరుకుల బళ్లు నడిపేవాళ్లందరూ చూస్తుండగా, కొత్త బండిని నిలువునా ఆపేసినవి ఇవే. చచ్చినవాటిని కూడా ఇంత పద్ధతిగా వరసగా పేర్చేవాడు ఈయన తప్ప ఇంకొకడుండడు.

“పేకముక్కలు పంచినట్టు ఏమిట్రా అది? ముందు తిను. తర్వాత చూసుకుందువుగాని.”

“నాకు ఆకలిగా లేదమ్మా. దాన్ని పిలు.”

ఆ పిలవాల్సిన మనిషి ఆయన చెల్లెలు. ఇంట్లో అందరికీ పిచ్చుక. చిన్నప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తినేదట, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. రేపో మాపో డాక్టరేటు చేతికి రాబోతున్నా పిచ్చుకే. పగలు వదిన, అంటే ఆయన భార్య, నడిపే ప్రయోగశాలలో పనిచేస్తుంది, సాయంత్రం అన్నయ్య పెట్టిన వర్క్‌షాపులో. అక్కడ సోడియాన్ని పట్టి ఉంచే ఆనోడ్ పదార్థం తయారుచేసేదీ తనే, ఇక్కడ దాన్ని సెల్‌లోకి ఎక్కించేదీ తనే.

“పిలవక్కర్లేదు. ఇక్కడే ఉన్నాను,” అంది పిచ్చుక గుమ్మంలోంచి.

“ఇలా రా. వీటిలో ఒక్కదానికైనా ప్రాణం ఉందేమో చూడు.”

“నిన్ననే చూశాను అన్నయ్యా.”

“మరి కాగితం మీద ఏం రాశావు? ఈ ఆనోడ్ వందలసార్లు నింపి ఖాళీ చేసినా చెక్కుచెదరదని రాశావా లేదా?”

“రాశాను.”

“ఇక్కడేమో మొదటిసారి నింపగానే మూడోవంతు గల్లంతు! ఎక్కడికి పోయింది ఆ సోడియం? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?”

పిచ్చుక తలెత్తి వదినవైపు ఒక్కసారి చూసి, చూపు మళ్లీ సెల్స్ మీదికి తిప్పుకుంది.

వదిన అప్పుడు గిన్నె మీద మూత పెడుతోంది. మూత సరిగ్గా కూర్చోలేదు. తీసి మళ్లీ పెట్టింది. ఆ మూడోవంతు ఎక్కడికి పోయిందో ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరిలో నోరు విప్పాల్సింది ఆమె.

“అడుగుతోంది నిన్నే! అక్కడ అంత బాగా నడిచింది ఇక్కడెందుకు చచ్చింది?”

“అక్కడ చేసేది బొత్తాం సెల్ అన్నయ్యా. ఒకవైపు మన పదార్థం, రెండోవైపు సోడియం లోహం ముక్క. ఎంత మింగినా ఇంకా మిగిలే ఉంటుంది. ఇక్కడ నువ్వు పోసేది కొలత ప్రకారం పోస్తావు. అందులోంచి పోతే పోయినట్టే.”

“ఇదంతా ఇవాళ చెప్తావా నాకు? పన్నెండేళ్ల ఉద్యోగం వదిలేసి, షెడ్డు కట్టి, బళ్లవాళ్లకి మాటిచ్చి, రోడ్డున పడ్డాక చెప్తావా?”

“తప్పే.”

“తప్పేనట! అమ్మా, విన్నావా? చల్లగా తప్పేనంటోంది.”

“మరేం అనమంటావురా? పిల్ల ఒప్పుకుంటుంటే ఇంకా మీదమీదకి వెళ్తావేం?”

“నువ్వు వెనకేసుకురాకు. చెల్లెలు కదా అని కళ్లు మూసుకుని నమ్మాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. ఇవాళ్టినుంచి వర్క్‌షాపులో అడుగు పెట్టొద్దు. తాళంచెవి అక్కడ పెట్టు.”

పిచ్చుక మెళ్లో తాడుకి వేలాడుతున్న తాళంచెవి తీసి బల్ల అంచున పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. అది చూసి వదినకి ‘నేను చెప్తాను, ఆగండి’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆయన భార్యవైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“నిన్ను అనడం లేదు. నీ పనులు నీకుంటాయి. దాని మీద నమ్మకంతో వదిలేశావు, అంతేగా.”

ఆమె గ్లాసులో మంచినీళ్లు పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన గడగడా తాగి, సెల్స్ మళ్లీ సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. పిచ్చుక బస్సుకి టైమవుతోందని చెప్పులేసుకుంది. నాలుక చివరి మాట ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అంత చదువు చదివి, అంతమందికి పాఠాలు చెప్పిన మనిషికి ఆ పూట చేతనైంది మంచినీళ్లు పోయడం ఒక్కటే.

“నువ్వేం బెంగపెట్టుకోకమ్మా,” అంది అత్తగారు కంచాలు తీస్తూ. “వాడు అరిచాడంటే రెండ్రోజుల్లో సర్దుకుంటాడు. అరవకపోతేనే భయపడాలి. వీడు పనిచేసిన ఫ్యాక్టరీలో వీడి జతగాడు ఒకడుండేవాడు చూడు, ఇద్దరూ ఒక్క డబ్బాలో తినేవాళ్లు. వాడు ఏదో దాచాడని తెలిసింది. వీడు ఒక్క మాట అన్లేదు. ఇప్పుడు వీధిలో వాడు ఎదురొస్తే, స్తంభం పక్కనుంచి పోయినట్టు పోతాడు.”

కోడలు చేతిలోని గుడ్డతో బల్ల తుడుస్తోంది. సెల్స్ పెట్టినచోట మరకేమీ లేదు. అయినా తుడుస్తూనే ఉంది.

*

ప్రయోగశాల మూలగదిలో గ్లవ్ బాక్స్ అనే పెద్ద గాజుపెట్టె ఉంది. సోడియానికి గాలీ తేమా గిట్టవు కాబట్టి లోపల ఆర్గాన్ వాయువు నింపుతారు. ముందువైపు రెండు జతల నల్లటి రబ్బరు చేతులు ఉంటాయి. వాటిలోకి చేతులు దూర్చి ఇద్దరు పక్కపక్కన నిలబడి పనిచెయ్యొచ్చు. దూర్చాక ముక్కు దురదపెట్టినా, జుట్టు కళ్లలో పడినా ఓర్చుకోవలసిందే. తగువు తేల్చుకోవడానికి అంత అనువైన చోటు ఇంకోటి లేదు. ఎవరూ విసురుగా లేచి వెళ్లిపోలేరు.

“నాతో మాట్లాడవా?” అంది వదిన.

“ఆ పటకారు ఇటివ్వండి.”

ఇంట్లో నువ్వు, ఇక్కడ మీరు. మొదటినుంచీ వాళ్లిద్దరూ పెట్టుకున్న పద్ధతే అది. అయినా ఇవాళ ఆ ‘అండి’ గట్టిగానే తగిలింది.

“పొద్దున చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన అంత కోపంగా ఉంటే...”

“కోపంగా ఉన్నాడని మీరు గిన్నెల మీద మూతలు సర్దుకున్నారు. నా తలమీద పెట్టుకోడానికి మూత దొరకలేదు.”

వదిన పటకారు అందించింది.

“పోయినేడు ఇదే పెట్టె ముందు నిలబడి అడిగాను. మొదటిసారి నింపి ఖాళీ చేసిన విడత కూడా పట్టికలో వేద్దాం వదినా, మూడోవంతు వెనక్కి రావడం లేదు అని. మీరేమన్నారో గుర్తుందా?”

“అదెవరూ వెయ్యరు, రెండో విడతనుంచే లెక్క అన్నాను.”

“అది మొదట అన్నారు. నేను మళ్లీ అడిగితే ఏమన్నారు?”

వదిన పెట్టె లోపల సీసా ఒకటి పక్కకి జరిపింది.

“మీ అన్నయ్య ఉత్సాహంగా ఉన్నారు, ఇప్పుడు నీళ్లు చల్లకు అన్నారు.”

అలా అన్న మాట నిజం. ఆమెకి ఆ రోజు బాగా గుర్తుంది, మరిచిపోదామనుకున్నకొద్దీ గుర్తుంది. సోడియం లావుపాటి చుట్టం. మామూలు బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్ గుమ్మంలో అది పట్టదు. అందుకే ఆమె పొరపొరగా విడదీసిన పదార్థం పట్టుకుంది. ఒక్కో పొర కొన్ని పరమాణువుల మందం, పొరకీ పొరకీ మధ్య కావలసినంత చోటు. నల్లసిరాలా సీసాలో మెరిసే ఆ ద్రవాన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తుంటే ఆమెకి ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. అంత విశాలమైన ఇంటికి సున్నం కూడా అంతే పడుతుంది. మొదటిసారి లోపలికి వెళ్లిన సోడియంలో కొంత పొరల మీద పూతగా పట్టేసి అక్కడే ఉండిపోతుంది. తిరిగి రాదు. బొత్తాం సెల్స్‌తో పనిచేసేవాళ్లకి అది కొత్త సంగతి కాదు. రెండోవైపు సోడియం పుష్కలంగా ఉంటుంది కనక, మొదటి విడతని పక్కన పెట్టి రెండోదానినుంచి లెక్కవేసే అలవాటు ఆమె గురువు ఆమెకి నేర్పాడు, ఆమె పిచ్చుకకి నేర్పింది.

ఆ అలవాటులో మోసం లేదు. మోసమల్లా, ఒక సాయంత్రం ఆయన ఫ్యాక్టరీ నుంచి వాడిపోయిన ముఖంతో వచ్చి “ఇది నిజంగా పనికొస్తుందా? దీన్ని నమ్ముకుని నేను బయటికి రావచ్చా?” అని అడిగినప్పుడు జరిగింది. ఆ ముఖం మీద నవ్వు చూడాలని ఆమెకి ఎంత ఆశగా ఉందో! “పనికొస్తుంది” అనేసింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక మొదటి విడత సంగతి చెప్పబుద్ధి కాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే షెడ్డు లేచింది.

“ఇవాళ సాయంత్రం చెప్పేస్తాను,” అంది.

“వద్దు.”

“వద్దేమిటే?”

“వద్దంటే వద్దు. మీ మీద జాలిపడి కాదు. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది.” అంది పిచ్చుక. “నేను తప్పు చేస్తే అన్నయ్య అరుస్తాడు. తిడతాడు. నాలుగు రోజులు పోయాక సినిమాకి వస్తావా అంటాడు. మీరు చేశారని తెలిస్తే అరవడు. వాడి సంగతి నాకు తెలుసు. అరవకుండా మీకు అన్నీ తెచ్చిపెడతాడు, మీరడిగినదానికి జవాబు చెప్తాడు, అంతే. ఆ ఇంట్లో నేనూ ఉండాలి కదా. అమ్మ ఉండాలి కదా.”

“తప్పు నీమీద వేసుకుంటే నీ డాక్టరేటు?”

“ఆర్నెల్లు ఆగితే మళ్లీ వస్తుంది. ఇల్లు ఆర్నెల్లు ఆగితే వస్తుందా?”

పిచ్చుక కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. చేతులు రెండూ పెట్టె లోపల ఉన్నాయి. సోడియం రేకు డబ్బా మూత తీసి ఉంది. వదిల్తే పాడైపోతుంది. తుడుచుకోవడానికి వీల్లేక భుజానికి రాసుకుంది. పక్కన నిలబడ్డ వదిన చేతులూ లోపలే ఉన్నాయి. తుడుద్దామన్నా తుడవలేకపోయింది.

“ఇంతకీ ఏం చేస్తున్నావు?” అని అడిగింది చివరికి.

“ముందే తినిపిస్తున్నాను. సోడియం రేకుని దీనికి కాసేపు ఆనించి ఉంచితే, ఆ పూతకి కావలసింది ఇక్కడే తాగేస్తుంది. తర్వాత సెల్‌లో పెడితే మళ్లీ అడగదు. పోయినేడు ఇది కూడా చేద్దామన్నాను.”

“నేనేమన్నాను?”

“టైం లేదన్నారు.”

సాయంత్రానికి ఆ సెల్ నిండి, ఖాళీ అయింది. తెర మీద నింపినప్పటి గీతా, ఖాళీ చేసినప్పటి గీతా దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెళ్లిన సోడియం వెళ్లినట్టే వెనక్కి వచ్చింది. పిచ్చుక నవ్వలేదు. వదిన ఆ గీతల్ని చాలాసేపు చూసింది. ఇంత సులువైన పని! పోయినేడు ఒక్క వారం ఆగి ఉంటే బండి ఆగేది కాదు, తాళంచెవి బల్ల మీదికి వచ్చేది కాదు. ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది. పిచ్చుక సెల్ సర్దుకునేలోగా బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరింది.

*

వర్క్‌షాపు టైర్ల కొట్టు పక్క సందులో ఉంది. వెలుతురు ఇంకా పోలేదు. ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని చచ్చిన సెల్స్‌ని కత్తెరతో కోసి విప్పుతున్నాడు.

“రండి మేడమ్, రండి!” అన్నాడు. పొద్దుటి కోపం చాలావరకు చల్లారింది. “దూరంగా కూర్చో, వాసన. అమ్మ పంపిందా, చెల్లెల్ని క్షమించమని?”

“అమ్మ పంపలేదు. నేనే వచ్చాను.”

“నేను కాస్త ఎక్కువే అన్నానులే. తాళంచెవి రేపిచ్చేస్తాను. కానీ నువ్వు ఒక్క పని చెయ్యాలి. దాని థీసిస్ మీద సంతకం ఇప్పుడే పెట్టకు. కొలతలన్నీ మళ్లీ చెయ్యనీ. చెల్లెలని చెప్పి వదిలేస్తే, ఆ కాగితం నమ్మి నాలాంటివాడు ఇంకొకడు దెబ్బతింటాడు.”

“పొద్దున అడిగారు కదా, ఆ మూడోవంతు ఎక్కడికి పోయిందని.”

“పోనిద్దూ ఇప్పుడు.”

“పొరల మీదే ఉండిపోయింది. మొదటి విడతలో. అది మాకు ముందే తెలుసు.”

“మాకంటే?”

“నాకు. పిచ్చుక కొలిచి చూపించింది. పట్టికలో వేద్దామంది. వెయ్యొద్దన్నది నేను.”

కత్తెర ఆగింది.

ఆయన ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు. పక్కనున్న పాతబట్ట తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. బొటనవేలు అయ్యాక రెండో చెయ్యి మొదలుపెట్టాడు.

“ఎప్పుడు?”

“మీరు ఉద్యోగం మానకముందు.”

“మానకముందు,” అన్నాడు. గొంతులో హెచ్చూ లేదు, తగ్గూ లేదు. “పొద్దున నేను దాన్ని అన్ని మాటలన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు.”

“ఉన్నాను.”

ఆయన తుడిచిన వేళ్లే మళ్లీ తుడుచుకుంటున్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఆమెవైపే ఉంది గాని ఆమెని చూడడం లేదు. తిట్టండి, ఒక్క మాట తిట్టండి అని అడగాలనిపించింది.

బయట ఆటో ఆగిన చప్పుడు. పిచ్చుక లోపలికి వచ్చింది. రొప్పుతోంది. ఒక చేతిలో కొత్త సెల్ ఉంది. అన్నయ్య ముఖం చూసింది, ఆయన చేతిలోని పాతబట్ట చూసింది. ఆలస్యమైపోయిందని అర్థమైపోయింది.

“వదిన ఏదో చెప్తోంది,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “నువ్వు చూపించావట. తనే వద్దందట. నిజమేనా?”

పిచ్చుక వదినవైపు చూడలేదు.

“వదినకి వేరే పని లేదు!” అంది. “పొద్దున్నుంచీ చెప్తోంది, నేను చూసుకుంటాను, మీ అన్నయ్యకి నేను చెప్తాను అని. నన్ను కాపాడ్డానికి కథ అల్లింది. వదిన వెయ్యమనే అంది అన్నయ్యా. నేనే తొందరపడి ఎగ్గొట్టాను.”

“అబద్ధం చెప్పకే,” అంది వదిన. “నేను చెప్పిందే నిజమండీ. నా మాట వినండి.”

కానీ ఆయన అప్పటికే పెద్దగా ఊపిరి వదిలాడు. గట్టు తెగినట్టు నోరు తెరిచాడు.

“సిగ్గు లేదుటే నీకు? నువ్వు చేసిన వెధవపని ఆవిడ నెత్తినేసుకోవాలా? ఆవిడ వచ్చి అంత మాట చెప్తుంటే నా గుండె ఆగినంత పనైంది! ఇంకోసారి ఇలాంటిది జరిగిందో, వీపు చిట్లగొడతాను!”

తిట్లు తింటూ పిచ్చుక తల వంచుకుని నిలబడింది. ఎండలోంచి నీడలోకి వచ్చిన మనిషిలా ఉంది. తిడుతున్నంతసేపూ ఆయన ముఖంలోకి రంగు తిరిగి వస్తోంది.

తర్వాత భార్య దగ్గరికి వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఒక్క నిమిషం నమ్మేశాను. తెలుసా? నువ్వే అలా చేశావంటే, ఇంక నేను ఎవర్ని నమ్ముకుని బతకాలి?” అన్నాడు. “దాని కోసం ఇంత మాట నీ మీద వేసుకుంటావా? పిచ్చిదానా.”

ఆమె పెదవులు కదిలాయి. మూడోసారి చెప్పాలి. చెబితే ఆ కళ్లలో నీళ్లు ఇంకిపోయి, ఇందాకటి ముఖం మళ్లీ వస్తుంది. ఇందాక ఆ ముఖాన్ని చూడకముందు ఆమెకి ధైర్యం ఉంది. చూశాక లేదు.

“ఆ సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకు. దాని మంచికే చెప్తున్నాను. ఆపుతావు కదా?”

పిచ్చుక కళ్లెత్తింది. అనెయ్యండి అన్నట్టు తల కొద్దిగా ఊపింది.

“ఊఁ,” అంది వదిన.

అంతసేపూ అదే కోరుకున్న పిచ్చుక, ఆ మాట విన్నాక, వదిన నిజంగా అలా అంటుందని ఎన్నడూ అనుకోనట్టు ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.